దుప్పటి ఎండ

ఏలూరులో మా ఫ్లాటు చిన్నది. పిల్లలిద్దరికీ ఒకటే గది. పెద్దదానికి పదేళ్ళు, చిన్నవాడికి ఏడు. ఒకే మంచం మీద ఇక పడుకోలేమని ఇద్దరూ తేల్చి చెప్పేశాక, ఒకదాని మీద ఒకటి ఉండే రెండంతస్తుల మంచం చేయించాం. వడ్రంగి దాన్ని బిగించి వెళ్ళిన సాయంత్రమే దుప్పట్లు కొనడానికి అందరం కలిసి వెళ్ళాం. కొట్టతను బల్ల నిండా పరిచాడు. చిన్నవాడు కార్ల బొమ్మలున్నది కావాలన్నాడు. పెద్దది చుట్టూ కుచ్చులున్నది పట్టుకుని వదల్లేదు.

నేను ఆ కుచ్చుల దుప్పటి అంచు గుప్పెట్లో పెట్టి గట్టిగా నలిపాను. తరవాత వదిలేసి, ముడతలు ఎంతసేపటికి పోతాయో చూస్తూ నిలబడ్డాను. ఆ తరవాత "కొంచెం మంచినీళ్ళు ఇస్తారాండీ?" అని అడిగాను. కొట్టతను సీసా ఇచ్చాడు. మూతలోకి నీళ్ళు ఒంపి ఆ దుప్పటి మీద పోయబోతుంటే మావారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏం చేస్తున్నావు? ఇంకా కొనలేదు దాన్ని."

"పీలుస్తుందో లేదో చూడాలండీ."

"ఎవరు నేర్పారు నీకిది?"

ఎవరు నేర్పారో గుర్తుకు రాగానే నాకు నవ్వొచ్చింది. పరుపు మీద వేసే జిప్పు కవర్లలో ఏది మంచిదో కూడా ఆవిణ్ణే అడిగేద్దామని అక్కడే ఫోను తీశాను. 'మేట్రనమ్మగారు' అని ఎప్పటినుంచో ఉన్న నంబరు. చేసి చాలాకాలమైంది. అవతల వేరే గొంతు పలికింది. ఆవిడ చెల్లెలి కూతురట, తాడేపల్లిగూడెం నుంచి.

"పెద్దమ్మ పోయి నాలుగు నెలలైందండీ. నిద్రలోనే పోయింది, ఏ బాధా పడలేదు. మీరెవరండీ?"

చెప్పాను.

"లెక్కల టీచరుగారా? మీ గురించి ఎప్పుడూ చెప్పేదండీ. మంచి పిల్ల, దుప్పటి మడత పెట్టడం మాత్రం ఎంత చెప్పినా రాలేదు అనేది."

దుప్పట్ల కొట్లో నిలబడి ఆ మాట వింటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిల్లలు చూస్తున్నారని అటు తిరిగి తుడుచుకున్నాను. ఆ రోజు ఆవిడ నేర్పినట్టే కొన్నాను. కుచ్చులు లేవు, బొమ్మలు లేవు. పలచటి బట్ట, నాలుగు మూలలా ఎలాస్టిక్. పిల్లలు రెండు రోజులు అలిగారు. వాళ్ళకి ఆవిడ గురించి చెప్పడం మొదలుపెట్టాను, అలక తీరుతుందేమోనని. చెప్పిన కొద్దీ నాకే ఇంకా ఇంకా గుర్తొచ్చింది.

బీఈడీ అయ్యాక నా మొదటి ఉద్యోగం మండవల్లి దగ్గర, కొల్లేరు అంచున ఉన్న ఆడపిల్లల బడిలో. మిషను రోజుల నాటి పాత బడి. దాన్ని ఆనుకుని హాస్టలు. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలు అందులో ఉండేవారు. లెక్కలు చెప్పడంతో పాటు హాస్టల్లోనే ఉండి మేట్రనమ్మగారికి సాయం చెయ్యమన్నారు. మాది ఉండి. వరి చేలు, చేపల చెరువుల మధ్యే పుట్టి పెరిగాను గాని ఇల్లు వదిలి ఉండడం అదే మొదలు.

ఆవిడ పేరు నేను రాయను. ఆవిణ్ణి పేరు పెట్టి ఎవరూ పిలవగా విననూ లేదు. పొట్టి మనిషి, నా భుజం దాకా వచ్చేవారు. పమిట దగ్గర ఎప్పుడూ పిన్నీసుల గుత్తి ఒకటి వేలాడుతూ ఉండేది. పిల్ల జడ ఊడినా, లంగా బొందు తెగినా, దోమతెర చిరిగినా ఆ గుత్తిలోంచి ఒక పిన్నీసు వచ్చేది. సాయంత్రానికి గుత్తి సగమయ్యేది. పొద్దున్నకి మళ్ళీ నిండుగా ఉండేది. ఎక్కడినుంచి వచ్చేవో అడిగితే, "తిరిగొస్తాయండీ పాపం, ఎక్కడికి పోతాయి?" అనేవారు.

పాపం అన్న మాట మనుషులకే కాదు, వస్తువులన్నిటికీ వాడేవారు. చిరిగిన దిండుని చేతుల్లోకి తీసుకుని "పాపం, ఎవరు కుమ్మారో" అనేవారు. మాడిన గిన్నె పాపం, తుప్పు పట్టిన తాళం పాపం. కోపం వచ్చినప్పుడు కూడా గొంతు పెంచేవారు కాదు. పైగా ఎంత చిన్న పిల్లనైనా మీరు అనే పిలిచేవారు.

"ఏవండీ మూడో తరగతిగారూ, తల దువ్వుకున్నారా?"

"మీరు నిన్న కూడా పళ్ళు తోముకోలేదండీ. నా పరిస్థితి కూడా కొంచెం ఆలోచించండి."

కొత్తగా పిల్లల్ని చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు ఇది వెటకారమేమో అనుకునేవారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఒకరోజు అడిగితే ఆవిడ మామూలుగా చెప్పారు. "మర్యాద ఇస్తే వాళ్ళకి బరువుగా ఉంటుందండీ. గోడలెక్కలేరు."

కొల్లేరు దగ్గర బట్టలు ఆరవు. వానాకాలమైతే మరీను. గాలి వీస్తుంది, ఆ గాలే తడిగా ఉంటుంది. అందుకని ఆవిడ ఎండని మూడు రకాలు చేశారు. పొద్దున్నే బోరింగు దగ్గర నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సరస్సు వైపు చూసేవారు. పక్షులు ఎంత ఎత్తున ఎగురుతున్నాయో, చేపల చెరువుల మీద మంచు ఎంత ఉందో చూసి తీర్పు చెప్పేవారు. రుమాలు ఎండ అంటే చిన్న గుడ్డలే ఉతకాలి. లంగా ఎండ అంటే ఒంటి మీది బట్టలు. దుప్పటి ఎండ రావడం అరుదు. వచ్చిందంటే మాత్రం ఆవిడ ఆగలేరు. నేను ఏడో తరగతికి భిన్నాలు చెబుతుంటే కిటికీ దగ్గరికి వచ్చి, "టీచరుగారూ, తమరికి అడ్డం వస్తున్నాను, దుప్పటి ఎండ వచ్చిందండీ" అనేవారు. అంతే. క్లాసు క్లాసంతా హాస్టలు వైపు పరుగు. హెడ్మిస్ట్రెస్‌గారు కేకలేసేవారు. ఆవిడ చేతులు కట్టుకుని అంతా విని, "మీరన్నది నిజమేనండీ. భిన్నాలు రేపు కూడా ఉంటాయి గదా" అనేవారు.

నేను చేరిన రెండో ఏడు వానాకాలంలో కొల్లేరు పొంగి హాస్టలు వరండా దాకా నీళ్ళొచ్చాయి. అప్పటిదాకా పిల్లలు నేల మీద చాపలు పరుచుకుని పడుకునేవారు. ఆ వారం రోజులూ అందరినీ క్లాసు బెంచీల మీద సర్దాం. ఆ సంగతి విని, ఆ బడిలోనే చదువుకుని ఉద్యోగాల్లో ఉన్న ఆడవాళ్ళు కొందరు కలిసి ఇనప మంచాలు చేయిస్తామన్నారు. హాలు ఇరుకు, పిల్లలు ఎక్కువ. అందుకని రెండంతస్తులవి. పిల్లలు వాటికి మేడ మంచాలని పేరు పెట్టేశారు, అవి రాకముందే.

బడి వ్యవహారాలన్నీ కరస్పాండెంటుగారు చూసేవారు. రిటైరైన ఇంజనీరు, మంచి మనిషి. ఆయనకి తెలుపంటే ఇష్టం. చూడ్డానికి ఒక మంచం ముందుగా తెప్పించి, దాంతో పాటు ఒక దుప్పటి, రెండు దిండు గలీబులు పట్టుకొచ్చారు. మల్లెపువ్వులాంటి తెలుపు. దళసరి నూలు. అంచుకి నీలం దారంతో బడి పేరు కుట్టించారు. గలీబులకి కుచ్చులు.

"ప్రారంభోత్సవానికి పెద్దవాళ్ళు వస్తారమ్మా. హాలంతా ఇలా తెల్లగా మెరవాలి" అన్నారు.

"చాలా బాగుందండీ. పాపం ఎంత తెల్లగా ఉందో" అన్నారు ఆవిడ. కాసేపు దాన్ని నిమిరి, "మా ఇళ్ళల్లో ఎవరికీ ఇలాంటి మంచాలు లేవు గదండీ. పైదానికి ఎలా వెయ్యాలో మీరొక్కసారి చూపిస్తే మేం నేర్చుకుంటాం" అన్నారు.

ఆయన ఉత్సాహంగా చెప్పులు విప్పి నిచ్చెన ఎక్కారు. రెండంతస్తుల మంచానికి దుప్పటి వేసిన వాళ్ళకి తెలుస్తుంది అందులో ఉన్న కష్టం. కిందనుంచి చెయ్యి అందదు. పైకెక్కితే, వెయ్యాల్సిన దుప్పటి మీదే మనం కూర్చుంటాం. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక మూల దోపారు. రెండో మూలకి జరగ్గానే మొదటిది ఊడొచ్చింది. గోడ వైపు దోపుదామని పరుపు ఎత్తితే, పరుపుతో పాటు ఆయనా వాలిపోయారు. తల ఎత్తితే శ్లాబు తగిలింది.

"మెల్లగా అండీ. మీరు కూర్చున్న దుప్పటిని మీరే లాగుతున్నారండీ" అని కిందనుంచి ఆవిడ ఎంతో వినయంగా చెబుతున్నారు.

కిటికీల నిండా పిల్లలే. ఒక్కరూ నవ్వలేదు. పెద్దవాళ్ళు పని చేసేటప్పుడు నవ్వకూడదని ముందే చెప్పి ఉంచారట. నేను మాత్రం దగ్గు వచ్చినట్టు వరండాలోకి వెళ్ళిపోయాను. పావుగంటకి ఆయన చెమటలు కక్కుతూ దిగారు. పైన దుప్పటి ఎవరో కుస్తీ పట్టి వదిలేసినట్టు ఉంది.

"రోజూ పొద్దున్నే మూడో తరగతి పిల్ల చెయ్యాలండీ ఈ పని. పైగా ఇంత దళసరిది తడిస్తే ఇద్దరు పిల్లలు చెరో కొసా పట్టుకుని పిండినా నీళ్ళు దిగవు" అన్నారు ఆవిడ మెల్లగా.

ఆయన తల రుద్దుకుంటూ కాసేపు మంచాన్ని చూశారు. చూసి తనే నవ్వేశారు. "సరేనమ్మా, ఏది కొనాలో మీరే చూడండి. ప్రారంభోత్సవం రోజు మాత్రం ముందు వరస మంచాల మీదన్నా తెల్లవి ఉండనివ్వండి. నా ముచ్చట."

"తప్పకుండానండీ. మీ ముచ్చట మాకు మాత్రం ముచ్చట కాదా" అన్నారు ఆవిడ.

ఆ శనివారం నన్ను వెంటబెట్టుకుని తాడేపల్లిగూడెం బయల్దేరారు. ఆవిడ పుట్టిల్లు అక్కడే, కొట్లన్నీ తెలుసు. కొల్లేరు దాటి ఏలూరు దాకా బస్సు, అక్కడినుంచి రైలు. ఒళ్ళో ఒక సంచి పెట్టుకుని దారంతా దాన్ని కదలకుండా పట్టుకున్నారు. మధ్యాహ్నం తినడానికి కారేజీ అనుకున్నాను.

కొట్టు పెద్దది. యజమాని నడివయసు మనిషి, మాట నెమ్మది. "ఏం చూపించమంటారండీ?" అన్నాడు.

"పిల్లల మేడ మంచాలకండీ. పొద్దున్న ఉతికితే మధ్యాహ్నానికి ఆరాలి. తొమ్మిదేళ్ళ పిల్ల పిండగలగాలి. ఇస్త్రీ అడక్కూడదు. మరక పడితే మన మనసు పాడవకూడదు."

"అలాంటిదుంటే మా ఇంటికే పట్టికెళ్ళేవాణ్ణండీ" అన్నాడు ఆయన. అన్నాడు గాని లోపలికెళ్ళి పది రకాలు తెచ్చాడు.

ఆవిడ ఒక్కోదాన్ని గుప్పెట్లో నలిపి వదిలారు. అరచేతిలో పెట్టి బరువు చూశారు. వెలుతురుకి ఎత్తి పట్టారు. మంచినీళ్ళు అడిగి, మూతతో ఒక్కోదాని మీద కాసిన్ని పోసి, ఎంత దూరం పాకుతాయో వంగి చూశారు. చివరికి మూడు పక్కన పెట్టి, "వీటిల్లోంచి చిన్న ముక్కలు కత్తిరించి ఇస్తారాండీ?" అన్నారు. ఇచ్చాడు. అప్పుడు సంచి విప్పారు. అందులో చిన్న స్టీలు డబ్బా, సిరా సీసా, సబ్బు ముక్క ఉన్నాయి. డబ్బా మూత తియ్యగానే కొట్టంతా చేపల పులుసు వాసన.

"ఏవండీ, ఇది బట్టల కొట్టండీ" అన్నాడు ఆయన కంగారుగా.

"తెలుసండీ. మావాళ్ళు కొల్లేరు పిల్లలండీ. వాళ్ళ చేతులకి ముందు అంటేది ఇదే."

మూడు ముక్కల మీదా తలొక చెంచా పులుసు, తలొక చుక్క సిరా వేశారు. పావుగంట ఆగి, కొట్టు వెనక కొళాయి దగ్గర ఉతికి, పిట్టగోడ మీద రాళ్ళు పెట్టి ఆరేశారు. అప్పటికి యజమాని భార్య కూడా ఇంట్లోంచి వచ్చి చేరింది. ఆమె నిండు నూలు ముక్కే గెలుస్తుందంది. ఆయన నిగనిగలాడే నైలాను రకం మీద నమ్మకం పెట్టుకున్నాడు. మేం భోజనం చేసి తిరిగొచ్చేసరికి ఇద్దరూ పిట్టగోడ దగ్గరే ఉన్నారు. నిండు నూలు ఇంకా చెమ్మగా ఉంది, పసుపు మరక చెక్కుచెదరలేదు. నైలానుది ఎప్పుడో ఆరింది గాని, పట్టుకుంటే ఒంటికి అంటుకుపోయేలా ఉంది. సగం నూలు, సగం పాలిస్టరు కలిసిన మూడోది పొడిగా ఉంది. మరక ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.

"ఇదండీ" అన్నారు ఆవిడ. "దీనికి నాలుగు మూలలా ఎలాస్టిక్ వేయించండి. మూల తొడిగితే ఊడకూడదు. పిల్ల పైకెక్కకుండా నిచ్చెన మీద నిలబడే తొడగాలి."

రంగుల దగ్గర కొట్టాయన ముచ్చటపడ్డాడు. "ఒక్కో మంచానికి ఒక్కో రంగు ఇస్తానండీ. చిన్నపిల్లలు గదా, కళకళ్ళాడుతుంది." నాకూ అదే బాగుందనిపించింది.

"వద్దండీ. అన్నీ ఒకటే రంగు. ఇదిగో, ఈ నేరేడు పండు రంగు సన్న గళ్ళది. మంచానికి రెండు చొప్పున కాక, ఇంకో పదిహేను ఎక్కువివ్వండి. అవీ ఇదే రంగు."

"ఎందుకండీ అన్నీ ఒకేలా?" అన్నాను నేను.

"వేరే రంగైతే, ఏ దుప్పటి ఎవరిదో అందరికీ తెలిసిపోతుందండీ" అన్నారు. తెలిస్తే మంచిదే కదా అనుకున్నాను.

పరుపులకి జిప్పు కవర్లు కూడా తీసుకున్నాం. పైన మెత్తటి బట్ట, అడుగున రబ్బరు పొర. "ఒక్క చుక్క కిందకి దిగదండీ, రాసిస్తాను కావాలంటే" అన్నాడు కొట్టాయన. ఆవిడ కవరు తిరగేసి కుట్లు చూస్తూ, "రాసివ్వక్కర్లేదండీ. నేనే చూసుకుంటాను" అన్నారు.

ప్రారంభోత్సవం బాగా జరిగింది. ముందు వరసలో నాలుగు మంచాల మీద తెల్ల దుప్పట్లు మెరిశాయి. ఫొటోలు తీశారు. కరస్పాండెంటుగారు మురిసిపోయారు. అతిథుల కారు గేటు దాటి మలుపు తిరిగేలోపు ఆ నాలుగూ బీరువాలోకి వెళ్ళిపోయాయి. క్రిస్మస్ నాటకంలో దేవదూతల అంగీలై బయటికొచ్చాయి. దేవదూతల వీపుల మీద బడి పేరు నీలం దారంతో కనిపించింది. ఆయన ముందు వరసలో కూర్చుని చూసి, ఆవిడ వైపు వేలు చూపించి మరీ నవ్వారు.

ఒకటే రంగు ఎందుకో నాకు మంచాలు వచ్చిన నెలకి అర్థమైంది. అంతమంది చిన్నపిల్లల్లో నిద్రలో పక్క తడిపేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఎప్పుడూ ఉంటారు. చాపల రోజుల్లో ఆ పిల్ల తడిసిన చాపని అందరి ముందూ పెరట్లోకి ఈడ్చుకెళ్ళాల్సి వచ్చేది. ఆ రోజంతా మిగతావాళ్ళు ముక్కులు మూసుకునేవారు. ఇప్పుడు అలా లేదు. పొద్దున్న పిల్లలంతా మొహాలు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి వెళ్ళగానే ఆవిడ హాల్లోకి వెళ్ళేవారు. తడిసింది తీసి, బీరువాలో ఉన్న పదిహేనులోంచి ఒకటి తొడిగేసేవారు. పిల్లలు తిరిగొచ్చేసరికి అన్ని మంచాలూ ఒకేలా ఉండేవి. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. దండెం మీద ఎన్ని ఆరుతున్నా అన్నీ నేరేడు పండు రంగువే.

మిగతావాళ్ళు పైనో కిందో ఇష్టమైన చోట పడుకునేవారు. ఆ పిల్లలకి మాత్రం ఆవిడే ఏరి కింది మంచం ఇచ్చేవారు. పైన పడుకోబెడితే కింద ఉన్న పిల్లకి ఇబ్బంది కదా అని.

ఆ ఏడాదే ఆరో తరగతిలో ఒక పిల్ల చేరింది. చిట్టి అనుకుందాం. కొల్లేరులో లంక ఊరు. తండ్రి చేపల చెరువు దగ్గర కాపలా ఉంటాడు. లెక్కలు బాగా చేసేది. నేను బోర్డు మీద రాయడం పూర్తయ్యేలోపు జవాబు చెప్పేసేది. చేరిన మూడు వారాలకి, తల్లిదండ్రులు చూడ్డానికి వచ్చే ఆదివారం నాడు, ట్రంకు పెట్టె సర్దుకుని వరండాలో కూర్చుంది. ఇంటికి పోతానంది. తండ్రి తువ్వాలు చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"చదువుకోవాలనే ఉందండీ దీనికి. ఏమైందో చెప్పదు. ఏడుస్తుందండీ" అన్నాడు.

ఆవిడ వెళ్ళి చిట్టి పక్కన పెట్టె మీదే కూర్చున్నారు. "ఎందుకు వెళ్ళిపోతారండీ? మావల్ల ఏమన్నా తప్పు జరిగిందా?"

చిట్టి నేల చూస్తూ అంది. "నాకు కింది మంచం వద్దండీ."

"ఎందుకండీ?"

"కింద వేస్తే అందరికీ తెలిసిపోతుందండీ. ఎనిమిదో తరగతి అక్క చెప్పింది. అమ్మగారు ఎవర్ని కింద వేస్తే వాళ్ళు అలాంటివాళ్ళేనంట."

ఆవిడ మొహంలో రంగు మారడం అప్పుడు చూశాను. ఊరు వెళ్ళి, పులుసు పోసి, ఒకటే రంగు ఏరి తెచ్చిన మనిషి. దుప్పటి దాచింది గాని, మంచం చెప్పేసింది. తరవాత ఆ పదకొండేళ్ళ పిల్లతో, పెద్దవాళ్ళతో అన్నట్టే అన్నారు.

"తప్పు నాదేనండీ. నాకు తట్టలేదు. మీరు పైనే పడుకోండి ఇవాళ్టినుంచి."

చిట్టి తలెత్తింది. "మరి కింద ఎవరు పడుకుంటారండీ?"

"నేను."

చిట్టితో పాటు ఆ తండ్రీ, నేనూ కూడా ఆవిడకేసి చూశాం.

"ఆ కవరు ఒక్క చుక్క దింపదని గూడెం కొట్టాయన గొప్పగా చెప్పాడండీ. నిజమో కాదో నేను తేల్చుకోవాలి గదా. లేకపోతే వెళ్ళి తిరిగిచ్చేస్తాను. మీరు నాకు సాయం చేసినట్టుంటుంది."

తండ్రి పెట్టె లోపల పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజే ఆవిడ తన దిండు తెచ్చుకుని కింది మంచంలో చేరారు. మోకాళ్ళ నొప్పులతో ఎలా పడుకుంటారని నేను గొణిగాను. పిల్లల కొలతకి చేసిన మంచంలో ఆవిడ తలనుంచి పాదాల దాకా సరిగ్గా సరిపోయారు. "చూశారా, దేవుడు నన్నెందుకింత పొట్టిగా చేశాడో ఇప్పటికి తెలిసింది" అన్నారు. హాల్లో మిగతా పిల్లలకి కవరు పరీక్ష సంగతి చెప్పలేదు. తన గది గోడ చెమ్మగా ఉందని, ఇక్కడ గాలి బాగుందని చెప్పారు.

రెండు రోజులు పొడిగానే గడిచాయి. మూడో రోజు పొద్దున్న నేను హాల్లోకి వెళ్ళేసరికి చిట్టి పైన మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని, కిందకి దిగకుండా కూర్చుంది. ఆవిడ కింద మంచంలోంచి లేచి, నిచ్చెన రెండు మెట్లెక్కి, చిట్టి చెవి దగ్గర గుసగుసగా చెప్పారు. పక్కనే ఉన్నాను గనక నాకు వినపడింది.

"కవరు పాసయిందండీ. నా మీద ఒక్క చుక్క పడలేదు."

చిట్టి ఆవిడ చీర భుజం మీద చెయ్యి వేసి తడిమి చూసింది. పొడిగా ఉంది. చేరినప్పటినుంచి ఆ పిల్ల నవ్వగా నేను చూడడం అదే మొదటిసారి.

అది మొదలు పొద్దున్న పొద్దున్నే వాళ్ళిద్దరి మధ్యా ఒక మాట నడిచేది. "పాసాండీ?" అని పైనుంచి. "పాసేనండీ" అని కిందనుంచి. పైన పొడిగా ఉన్న రోజు కూడా అడిగేది. మూలలు ఊడదీసి కొత్త దుప్పటి తొడగడం కూడా చిట్టే నేర్చుకుంది. నిచ్చెన మీద నిలబడి, నాలుగు మూలలూ నేను పలక మీద ఒక లెక్క రాసేంత సేపట్లో వేసేసేది. ఆవిడ నాకేసి చూసి, "టీచరుగారూ, కొంచెం ఈవిడ దగ్గర నేర్చుకోండి" అనేవారు.

మూడు వారాలు అలా గడిచాయి. ఒక సాయంత్రం స్టడీ అవరుకి ముందు నేను ఆవిడ గదిలో కూర్చుని హాజరు పట్టీ రాస్తున్నాను. ఆవిడ పిన్నీసులు గుత్తికి గుచ్చుకుంటున్నారు. చిట్టి గుమ్మంలో నిలబడింది. చేతుల్లో ఆవిడ దిండు.

"అమ్మగారూ, ఇదిగోండి మీ దిండు. కింది మంచం ఏడో తరగతి అక్క అడుగుతోందండీ. నా దగ్గరైతే లెక్కలు చెప్పించుకోవచ్చంట. ఇవ్వనాండీ?"

ఆవిడ పిన్నీసులు పక్కన పెట్టారు. "ఇవ్వచ్చండీ. కానీ ఆ అక్కకి..." అని ఆగిపోయారు. ఎలా అడగాలో తెలియక మాట వెతుక్కోవడం ఆవిడలో నేనంతకుముందెప్పుడూ చూడలేదు.

"తెలుసండీ అక్కకి" అంది చిట్టి. "నేనే చెప్పాను. కవరు పాసయిందని కూడా చెప్పాను. సరే అంది."

ఆవిడ లేచి ఆ దిండు రెండు చేతులా అందుకున్నారు. చిట్టి పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ, మాసిపోకపోయినా, ఆ దిండు గలీబు ఊడదీశారు. దాన్ని భుజాన వేసుకుని, నాకు మొహం కనపడకుండా పెరట్లోకి నడిచారు. కాసేపటికి బోరింగు కింద బకెట్టు నిండుతున్న చప్పుడు వినిపించింది.